నీలవేణి విలాస్ కప్పు కింద భోజనం

పాత కట్టడాలను పరీక్షించే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చెన్నై పురసవాక్కంలో మా ఇల్లు కనుక్కోవడం తేలికే. చీరల దుకాణాల రద్దీలోంచి ప్రాణాలతో బయటపడితే రెండో సందు. వచ్చి, కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు. "మేడమ్, ముందుగా ఏ పరికరం కొనుక్కోవాలి?" పరికరాలు ఆఫీసు కొనిస్తుంది నాయనా, నువ్వు తల పైకెత్తి కప్పు చూడటం నేర్చుకో అంటాను. హాస్యమనుకుని నవ్వుతారు.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఒక పాత భవనం ఇంకా నిలబడుతుందా, మరమ్మతు చేస్తే సరిపోతుందా, జనాన్ని ఖాళీ చేయించాలా అని చెప్పడం నా ఉద్యోగం. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి రాయను. అవి రాస్తుంటే నాకే ఆవులింతలు వస్తాయి. ఒక అలవాటు గురించి మాత్రం రాస్తాను. అది నాది కాదు, మా పెద్ద ఇంజనీరు వరదరాజులు సార్‌ది. ఆ అలవాటే నా ఉద్యోగం చివర్లో ఒక పాత హోటలును కాపాడింది.

వరదరాజులు సార్

కోయంబత్తూరు వైపు తెలుగువారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి జారి, కోపమొస్తే ఇంగ్లీషులో తేలేవారు. చొక్కా జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా చేతిసంచిలో ఒక చిన్న సుత్తి, ఒక దబ్బనం ఉండేవి. సుత్తితో దూలాన్ని తట్టి చెవి పెట్టి వినేవారు. దబ్బనంతో పొడిచి చూసేవారు. గట్టి టేకులో దబ్బనం దిగదు, పుచ్చిపోయిన చెక్కలో వెన్నలోకి దిగినట్టు దిగుతుంది.

ఆయనకు ముందున్న ఒక పెద్దమనిషి గురించి ఆఫీసులో కథలు చెప్పుకునేవారు. కారు అద్దం దించి, వీధిలోంచే భవనం మొహం చూసి, "కూల్చేయమను" అనో, "బాగుందని రాయి" అనో చెప్పి అద్దం ఎత్తేసేవాడట. అలాంటివాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. కారులోంచి కాకుండా ఫోన్లో ఫొటోలు చూసి రాస్తున్నారు. నాకు వాళ్ళ మీద ఏ గౌరవమూ లేదు.

వరదరాజులు సార్ పద్ధతి నేను మొదట తొండియార్‌పేటలో ఒక పాత బడి దగ్గర చూశాను. పొద్దున్నుంచి దూలాలన్నీ తట్టి, పొడిచి, మిద్దె మీద పాకి చూసి కిందికి దిగారు. కాయితాలు తీస్తారని నేను పెన్ను మూత తీసి నిలబడ్డాను. ఆయన మాత్రం తరగతి గది మధ్యలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచారు.

"సార్, ఇంకా రిపోర్టు రాయలేదు కదా?" అన్నాను.

"రాసేదానికి ముందే తినాల మా. రేపు ఈడ పిల్లకాయలు కూర్చోని చదువుకుంటారు. వాళ్ళు కూర్చునే చోట నాకు ముద్ద దిగకపోతే, నా సంతకం యేం సంతకం? సొల్లు, నువ్వే చెప్పు."

పెరుగన్నం తిని, డబ్బా కడుక్కుని, అప్పుడు రాశారు. 'బాగుంది' అని సంతకం పెట్టే ప్రతి కప్పు కిందా ఆయన ఒక పూట తినేవారు. కొందరు దీన్ని చాదస్తమన్నారు, కొందరు నాటకమన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. కప్పు కింద కూర్చోవడం పరీక్ష కాదు. పరీక్షలన్నీ ముగిశాక, జాగ్రత్తలన్నీ తీసుకున్నాక, ఎదుటివాడి ప్రాణం బదులు తన ప్రాణం ఒక గంట ఆ కప్పు కింద పెట్టి చూసుకోవడం. అలా చూసుకుంటే రిపోర్టులో ఒక్క మాట కూడా ఊరికే పడదు.

ఆయనలో లోపాలు లేవని కాదు. తన సుత్తి ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఎందుకు చేస్తున్నారో అడిగితే విసుక్కునేవారు. ఇద్దరు మంచి కుర్రాళ్ళు ఆయన తిట్లు పడలేక వేరే ఆఫీసుకు మారిపోయారు. అది మా పనికి నష్టమే. అయినా, నేను చూసిన అధికారులందరిలో ఇప్పటికీ కళ్ళకు అద్దుకోవాలనిపించేది ఆయన్నే.

తిరువొత్తియూరులో ఎత్తిన ఆకు

ఈ అలవాటు గురించి ఊళ్ళో అందరికీ తెలిసిపోయాక ఒక చిక్కు వచ్చింది. తిరువొత్తియూరులో సముద్రం పక్కన ఒక ఫ్యాక్టరీ. దాని క్యాంటీన్ శ్లాబు చూడమని పిలిచారు. మేం వెళ్ళేసరికి క్యాంటీనుకు కొత్త రంగు వేసి ఉంది. లోపల అరటాకులు పరిచి, వడ, పాయసంతో సహా వంట సిద్ధం చేశారు. పక్క వరసల్లో కార్మికులు తింటున్నారు.

"ముందు భోంచేయండి సార్, పరీక్ష నిదానంగా చూసుకుందాం" అన్నాడు మేనేజరు. సార్ తింటే సంతకం పెట్టినట్టేనని అతని లెక్క.

సార్ కూర్చున్నారు. వడ్డన అయింది. ఆయన ఆకు వైపు చూడకుండా పైకి చూస్తున్నారు. కొత్త రంగు కింద సన్నగా గీతలాగా ఉబ్బిన చోటు ఒకటి ఆయన కంటపడింది. నన్ను బల్ల ఎక్కించి అక్కడ సుత్తితో తట్టమన్నారు. ఆ సుత్తి నా చేతికివ్వడం అదే మొదటిసారి. తట్టగానే పెచ్చు ఊడింది. లోపల ఇనుప చువ్వ ఉండాల్సిన చోట ఎర్రటి పొడి రాలింది. ఉప్పుగాలి ఇనుమును తినేసింది.

సార్ రెండు చేతులా ఆకు ఎత్తుకుని లేచారు. సాంబారు మణికట్ల మీదుగా కారి చొక్కా మీద పడుతోంది. అలాగే నడుచుకుంటూ బయటికి పోయి, ఎర్రటి ఎండలో నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టారు. కార్మికులు ఆయన్ని చూశారు, పైకి చూశారు. ఒకరి తర్వాత ఒకరు పళ్ళేలు ఎత్తుకుని ఆయన వెనకే వచ్చేశారు. ఆ మధ్యాహ్నమే క్యాంటీను మూసేశారు. కొన్నాళ్ళకు ఆ శ్లాబు విప్పుతుంటే చూడటానికి వెళ్ళాను. చువ్వలు అరచేతిలో నలిపితే నలిగిపోయాయి.

ఆకు కప్పు కింద ఉంచాలా, బయటికి ఎత్తుకుపోవాలా అన్నది మా ఉద్యోగమని ఆ రోజే అర్థమైంది.

నీలవేణి విలాస్

మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంది ఆ హోటలు. ఒకప్పుడు సెంట్రల్ స్టేషన్లో దిగిన తెలుగువాళ్ళు సగం మంది నేరుగా అక్కడికే వచ్చేవారు. కోర్టు పనికి వచ్చినవాళ్ళు, ఆసుపత్రికి వచ్చినవాళ్ళు, సినిమాల్లో వేషం కోసం వచ్చి నెలల తరబడి పడి ఉన్నవాళ్ళు. పై అంతస్తులో పొడుగాటి హాలు. పెళ్ళిచూపులు, నిశ్చితార్థాలు అక్కడే జరిగేవి. మా చిన్నాన్న నిశ్చితార్థంలో ఆ హాలు కిటికీల రంగుటద్దాల వెలుగు నేల మీద పడితే మేం పిల్లలం దాని మీద గెంతినట్టు గుర్తు.

హాలు కింద కనకమ్మ మెస్. ఆమె అత్తగారి కాలం నుంచి అద్దెకు నడుపుతున్న భోజనశాల. కనకమ్మ తాతముత్తాతలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డారు. అరవై దాటిన మనిషి. గల్లాపెట్టె దగ్గర కూర్చోదు, వడ్డనలోనే ఉంటుంది. వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు అందరూ ఆ మెస్ మీదే బతుకుతున్నారు.

హోటలును ఒక కంపెనీ కొన్నది. పాత వైభవం తిరిగి తెస్తామని గేటు దగ్గర పెద్ద బొమ్మ కట్టింది. వీధంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. గదులు మూశారు. హాలు కిటికీలకు పాలిష్ పెట్టిస్తామని రెక్కలు విప్పి తీసుకుపోయారు. అవి తిరిగి రాలేదు. గోడల్లో రావి మొలకలు లేచాయి. వానలు రెండుసార్లు వచ్చి పోయాయి. ఆ తర్వాత కంపెనీ ఒక రిపోర్టు బయటపెట్టింది. మెస్ మీది కప్పు ఏ క్షణంలోనైనా కూలుతుంది, వెంటనే ఖాళీ చేయించి కట్టడం పడగొట్టాలి అని.

ఇక గొడవ మొదలైంది. కూల్చేస్తే పెద్ద షాపింగ్ కట్టడం వస్తుంది, వ్యాపారం పెరుగుతుందని కొందరు. కావాలనే పాడుపెట్టి ఇప్పుడు పాడైందంటున్నారని కొందరు. పత్రికల్లో ఫొటోలు, వీధిలో బ్యానర్లు. కోర్టు ఒక కమిటీని వేసింది. కట్టడం చూసి చెప్పమని కమిటీ నన్ను పంపింది. నేనూ, కంపెనీ తరఫు ఇంజనీరూ కలిసి పరీక్షించి ఉమ్మడి రిపోర్టు ఇవ్వాలి. ప్రమాదమని ఇద్దరం రాస్తే మెస్ వెంటనే ఖాళీ అవుతుంది. మెస్ పోయాక ఆ కట్టడాన్ని లోపల నుంచి చూసే కన్ను ఒక్కటి కూడా మిగలదు.

మొదటి రోజు కనకమ్మ నన్ను వాకిట్లోనే పట్టుకుంది.

"మేడమ్మా, మిద్దె మింద గట్లు కట్టి పోయినారు, మళ్ళా రానే లేదు. వాన పడితే పైన నీళ్ళు నిలిచిపోతా ఉండాది. మెట్లకు తాళం యేసినారు. నేను ఈడ కిందినించి అరస్తా ఉంటే ఎవురికి వినపడతాది?"

పైకి ఎక్కి చూస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మిద్దె కారుతుందో లేదో చూడటానికి చుట్టూ సిమెంటు గట్టు కట్టి, నీళ్ళు నింపి, ఒకటి రెండు రోజులు ఉంచుతారు. చూశాక గట్టు పగలగొట్టి నీళ్ళు వదిలేస్తారు. ఇక్కడ గట్లు అలాగే ఉన్నాయి. రెండు వానాకాలాల నీళ్ళు ఆ గట్ల మధ్య నిలిచి, మిద్దెలోంచి హాల్లోకి దిగి, హాలు నేలలోంచి మెస్ కప్పులోకి దిగాయి. కంపెనీ కావాలని చేసిందో, మర్చిపోయిందో నాకు తెలియదు. ఆ గట్టు పగలడానికి తాపీ దెబ్బలు నాలుగు చాలు. అంత తీరిక రెండేళ్ళలో ఎవరికీ దొరకలేదు. అంతకు మించి నేను అనను, అంతకు తక్కువ కూడా అనను.

గోధుమరంగు మరకలు

కంపెనీ తరఫున రిపోర్టు రాసిన ఇంజనీరు పేరు కిరణ్. గుంటూరు వైపు మనిషి, చెన్నై వచ్చి కొన్నేళ్ళే అయింది. కొత్త అపార్టుమెంట్ల శ్లాబుల పనిలో చెయ్యి తిరిగినవాడు. అమ్ముడుపోయిన మనిషిని చూడబోతున్నానని పళ్ళు నూరుకుంటూ వెళ్ళాను. చూస్తే చాలా శుభ్రమైన మనిషి. మెస్ కప్పు కింద నిలబడి నాకు ఓపిగ్గా చూపించాడు.

"చూడండి మేడమ్ గారూ, ఈ గోధుమరంగు మరకలన్నీ తుప్పండీ. నీళ్ళు దిగి లోపల ఇనుము పోయింది. పెచ్చులు కూడా ఊడుతున్నాయి. ఇంకేం కావాలండీ?"

"ఇనుమెక్కడుంది?" అన్నాను.

"శ్లాబులోనండీ."

"శ్లాబెక్కడుంది?"

అతను నా మొహం చూశాడు, తర్వాత కప్పు చూశాడు. ఆ తప్పు ఈ కాలపు ఇంజనీరు మాత్రమే చేయగలడు. సిమెంటు శ్లాబులో గోధుమరంగు మరక కనిపిస్తే అది తుప్పే, పెచ్చు ఊడితే చువ్వ పోయినట్టే. కానీ ఇది పాత మద్రాసు మిద్దె. ఇందులో ఇనుప చువ్వ ఒక్కటీ ఉండదు. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద పలచటి ఇటుకల్ని సున్నంతో నిలువుగా పేర్చి, ఆ పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్ళు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి బాదేవారు. టేకు బాగా తడిస్తే గోధుమరంగు నీళ్ళు కారుస్తుంది. కింది పూత తడిసి పెచ్చులూడటం చూడటానికి భయంగా ఉంటుంది గానీ, బరువు మోసేది ఆ పూత కాదు.

నా సంచిలోంచి దబ్బనం తీసి అతని చేతిలో పెట్టాను. అది వరదరాజులు సార్ రిటైరైన రోజున నాకు ఇచ్చి పోయిన దబ్బనం. కిరణ్ నిచ్చెన ఎక్కాడు. ఒక్కో దూలాన్నీ పొడుస్తూ పోయాడు.

"దిగట్లేదండీ... ఇక్కడా దిగట్లేదు... ఇదీ దిగట్లేదు."

కిటికీ మూల దగ్గర, రెండు దూలాలు గోడలోకి దూరే చోట మాత్రం ఆగిపోయాడు. "ఇక్కడ దిగిపోయింది మేడమ్. ఈ రెండింటి చివర్లు పుచ్చిపోయాయండీ."

నేనూ ఎక్కి చూశాను. నిజమే. దూరం నుంచి చూసి నేను బాగున్నాయనుకున్న మూల అది. కిరణ్ కిందికి దిగి, చేతులు దులుపుకుని, సూటిగా చెప్పాడు.

"కప్పంతా పోయిందని నేను రాసింది తప్పండీ. కానీ దబ్బనం దిగలేదు కాబట్టి భద్రం అని కూడా రాయలేను కదా. ఆ రెండింటికీ దన్ను పెట్టి, పైన బరువేసి చూద్దాం. కప్పు ఏం చెప్తే అది రాద్దాం."

తన రిపోర్టు తప్పని తన నోటితో అన్నాడు. అనేసి, నా వైపుకూ వాలిపోలేదు. ఆ క్షణం నుంచి అతని మీద నాకు గౌరవం కలిగింది. పళ్ళు నూరుకుంటూ వచ్చినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

బియ్యం బస్తాలు

బరువు పరీక్ష సులువైన సంగతే. కప్పు మీద కొలత ప్రకారం బరువు పెట్టి ఒక రోజంతా ఉంచుతారు. కింద మీటర్లు అమరుస్తారు, కప్పు వెంట్రుకవాసి దిగినా వాటి ముల్లు కదులుతుంది. బరువుకు ఏ కప్పయినా కాస్త వంగుతుంది. అక్కడితో ఆగిందా, బరువు తీశాక తిరిగి పైకి వచ్చిందా అన్నదే చూడాలి. మామూలుగా ఇసక బస్తాలు వాడతాం. ఇసక లారీ వచ్చేసరికి కంపెనీ మేనేజరు పెద్ద గేటు తెరవలేదు. మెట్ల తాళాలు ఇమ్మని మాత్రమే ఆర్డరులో ఉంది, లారీ సంగతి లేదు, ప్రమాదకరమైన కట్టడంలోకి బండి రానివ్వం అన్నాడు. కమిటీ ఇచ్చిన గడువు దగ్గరపడుతోంది. పరీక్ష జరక్కపోతే పాత రిపోర్టే నిలుస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

కనకమ్మ మెస్ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది.

"ఇసకే కావాల్నా మేడమ్మా? బియ్యమైతే పనికిరాదా?"

నవ్వబోయి ఆగిపోయాను. బియ్యం బస్తా మీద బరువు అచ్చువేసి ఉంటుంది. చక్కగా పేర్చవచ్చు. ఇసకలాగా తడి పట్టి బరువు మారదు. పైగా మనుషుల భుజాల మీద మెస్ తలుపులోంచి రావచ్చు, ఆ తలుపు ఎవడూ మూయలేడు.

"పనికొస్తుంది. కానీ అంత బియ్యం ఎవరిస్తారక్కా?"

"ముప్పై ఏండ్లుగా ఎవురి కాడ కొంటా ఉండానో వాళ్ళే ఇస్తారు. కండిప్పా, తప్పకుండా ఇస్తారు."

ఇచ్చారు. వీధిలో ఉన్న బియ్యం దుకాణాలన్నీ ఇచ్చాయి. కూల్చేయాలని బ్యానరు కట్టినవాడు కూడా గొణుక్కుంటూ తన వంతు పంపాడు. ఒక ముసలి వ్యాపారిని నేనే అడిగాను, కప్పు కూలితే మీ బియ్యం మట్టిపాలవుతుంది కదా, భయం లేదా అని.

"ఆమె కప్పే పడిపోతే ఇంక నా బియ్యం దేనికి మేడమ్?" అన్నాడాయన.

మెస్‌ను ఆ రెండు రోజులు ఖాళీ చేయించాం. పుచ్చిన రెండు దూలాలకూ దన్ను పెట్టాం. మిగతా కప్పు కింద ఇనుప జాకీలు నిలబెట్టి, వాటి మీద దుంగలు వేసి, కప్పుకు కాస్త ఎడం వదిలాం. కప్పు జారినా ఆ దుంగల మీదే ఆగుతుంది. హమాలీలు బస్తాలు మోసుకుంటూ మెట్లెక్కారు. కిరణ్ పైన నిలబడి, ఏ బస్తా ఎక్కడ దించాలో సుద్దముక్కతో గీసి చూపించాడు. కొంచెం కొంచెంగా బరువు పెంచాం. పెంచిన ప్రతిసారీ కింద ముల్లు కదిలింది, ఆగింది. చివరి వరస పెట్టాక దూలాలు ఒకసారి కిర్రుమన్నాయి. కనకమ్మ వీధిలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ముల్లు ఇంకొంచెం కదిలి ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి కూడా ముల్లు అక్కడే ఉంది.

మూడు ఆకులు

ఇక బస్తాలు దించాలి. దించే ముందు నేను చేయాల్సిన పని ఒకటుంది. నా సంచిలో డబ్బా తెచ్చుకున్నాను. జాకీల మధ్య కాస్త చోటు చూసుకుని, బియ్యం నిండా ఉన్న హాలు కింద, నేల మీద కూర్చున్నాను. భయం వేయలేదని అబద్ధమాడను. లెక్కంతా సరిగ్గా ఉంది, అయినా ఇంకోసారి పైకి చూశాను.

మూత తీయబోతుంటే కనకమ్మ వచ్చింది. చేతిలో రెండు అరటాకులు, వెనకాల గిన్నెలు.

"నువ్వు లోపలికి రాకూడదక్కా, పో" అన్నాను.

"నా మెస్సులో కూర్చోని నువ్వు డబ్బాలో తింటావా? అసింగంగా ఉండదా? నాకు సిగ్గు గాదా? జరుగు." నా పక్కనే చతికిలబడి, ఒక ఆకు నాకు, ఒక ఆకు తనకు పరిచింది. "మా అత్త ఈ కప్పు కిందనే పోయింది, నేను ఈ కప్పు కిందనే ముసిలిదాన్నైనాను. ఇది నన్నేం చేస్తాది?"

పప్పు, బెండకాయ వేపుడు, చారు. ఆ పూట రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది.

కిరణ్ మీటరు పక్కన నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. వరదరాజులు సార్ సంగతి నేను ముందురోజే అతనికి చెప్పాను, తిరువొత్తియూరు ఆకు సంగతి కూడా. ఇంతలో వీధి గుమ్మంలోంచి కంపెనీ మేనేజరు పిలిచాడు.

"కిరణ్! బయటికొచ్చెయ్. నువ్వక్కడ ఉండాల్సిన పని లేదు."

కిరణ్ అతని వైపు చూశాడు. ఆ కంపెనీ పనులే అతనికి ఆధారమని నాకు తెలుసు. నేను తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాను. ఇది ఒకరు చెప్పి చేయించే పని కాదు.

"అమ్మా," అన్నాడు కిరణ్ కనకమ్మతో, "నాకూ ఒక ఆకు వేస్తారా?"

బూట్లు విప్పి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. కనకమ్మ లేచి ఆకు తెచ్చి, అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి కాస్త ఎక్కువే పోసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా పైనుంచి సున్నం పెచ్చు, గోరంత ముక్క, టప్పున అతని ఆకులో పడింది. ముగ్గురం బిగుసుకుపోయాం. కిరణ్ తల తిప్పి మీటరు చూశాడు. ముల్లు కదల్లేదు. ఆ ముక్కను రెండు వేళ్ళతో తీసి, కరివేపాకు పక్కన పెట్టినట్టు ఆకు అంచున పెట్టాడు.

"చారు పొయ్యండమ్మా" అన్నాడు.

కనకమ్మ అంతవరకు ఏడవలేదు. చారు గరిటె పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

భోజనాలయ్యాక బస్తాలు దించాం. ముల్లు దాదాపు మొదలైన చోటికే తిరిగి వచ్చింది. రిపోర్టు ఇద్దరం కలిసి రాశాం. రెండు దూలాల చివర్లు మార్చాలి, మిద్దె మీది గట్లు పగలగొట్టాలి, కిటికీలు తిరిగి పెట్టాలి, కట్టడం నిలుస్తుంది. కిరణ్ తన పాత రిపోర్టు తప్పని కూడా అందులోనే రాసి సంతకం పెట్టాడు. కంపెనీ అతన్ని మళ్ళీ పిలవలేదు. మరమ్మతు నత్తనడకన సాగుతోంది గానీ, సాగుతోంది. మెస్ నడుస్తోంది. ఆ బియ్యం దుకాణాలకు తిరిగి పోయాక, వీధి జనం కొన్నాళ్ళపాటు నీలవేణి బియ్యమే కావాలని అడిగి మరీ కొనుక్కున్నారు.

దబ్బనం కిరణ్‌కే ఇచ్చేశాను. మా ఇంట్లో దానితో పనేముంది?

మొన్న మధ్యాహ్నం అతని ఫోను వచ్చింది. ఎక్కడో ఒక కల్యాణమండపం చూడటానికి వెళ్ళాడట. పెళ్ళివారు, వంటవాళ్ళు, మేళగాళ్ళు, హాలు నిండా జనం.

"మేడమ్ గారూ, ఇవాళ ఆకు బయటికి తెచ్చేసుకున్నానండీ."

"జనమో?" అన్నాను.

"అందరూ బయటే ఉన్నారండీ. చెట్టు కింద తాళి కట్టించేశారు. ఇప్పుడే అందరం కలిసి తింటున్నాం."

"ఎండగా ఉందా?"

"మాడిపోతున్నామండీ" అన్నాడు. వెనకాల నుంచి ఎవరో చారు కావాలా అని అడుగుతున్న గొంతు నాకు వినిపించింది.